పవర్ ఉంటే చాలదు.. చక్రం దాకా చేరాలి!

కారు విప్పి, ఇంజిన్ మార్చి, మనకు నచ్చినట్టు తయారుచేసుకోవాలని మెకానికల్, ఆటోమొబైల్ విద్యార్థుల్లో చాలామందికి ఉంటుంది. కానీ రోడ్డు మీద తిరిగే బండితో ఆ ప్రయోగాలు వద్దు. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డుకుంటోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది.

మరి నేర్చుకునేదెలా? ఫార్ములా స్టూడెంట్ పోటీలు ఉన్నాయిగా! 1981లో అమెరికాలో ఫార్ములా ఎస్‌ఏఈగా మొదలైన ఈ తరహా పోటీలు మన దేశంలో ఫార్ములా భారత్, సుప్రా ఎస్‌ఏఈ ఇండియా పేర్లతో జరుగుతున్నాయి. విద్యార్థులే చిన్న రేసు కారును డిజైన్ చేసి, తయారుచేసి, నడపాలి.

గాలికి కళ్లెం

ఈ పోటీల్లో పెట్రోలు ఇంజిన్ 710 సీసీ దాటకూడదు. అది పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒకే ఒక్క రంధ్రం గుండా వెళ్లాలి. అక్కడ గాలి వేగం ధ్వని వేగాన్ని అందుకుందంటే, ఆపై ఇంజిన్ ఎంత లాగినా అదనంగా గాలి రాదు. కాబట్టి పెద్ద ఇంజిన్ పెడితే గెలుస్తామనుకోవద్దు. మన జట్లలో చాలావరకు 373 సీసీ కేటీఎం 390 బైక్ ఇంజిన్ వాడేది అందుకే. అసలు పనితనం ఇన్‌టేక్ ఆకృతిలో, ఈసీయూలో ఇంధనం, స్పార్క్ టైమింగ్ సరిచేయడంలో కనిపిస్తుంది.

లెక్క ఇదీ..

ఇంజిన్ టార్క్ 35 న్యూటన్ మీటర్లు, మొదటి గేర్‌లో మొత్తం గేర్ నిష్పత్తి 20 అనుకుందాం. నష్టాలు వదిలేస్తే చక్రాల దగ్గర 700 న్యూటన్ మీటర్లు వస్తాయి. చక్రం వ్యాసార్థం 0.23 మీటర్లయితే నెట్టే బలం సుమారు 3,000 న్యూటన్లు. డ్రైవరుతో కలిపి 300 కిలోల కారుకు ఇది టైరు పట్టు హద్దు దగ్గరికి వచ్చినట్టే. నిష్పత్తి ఇంకా పెంచితే చక్రం ఒట్టినే తిరుగుతుంది, కారు మాత్రం ముందుకు దూకదు. అందుకే వెనుక స్ప్రాకెట్ పళ్ల సంఖ్యను ట్రాక్‌ను, టైరును బట్టి ఎంచుకోవాలి. చైన్ వరుస తప్పినా, డిఫరెన్షియల్ మౌంట్ వంగినా సుమారు 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పరుగు మధ్యలోనే ఆగిపోతుంది.

ఉద్యోగానికి పనికొచ్చేదేంటి?

పవర్‌ట్రెయిన్ డిజైన్, ఇంజిన్ క్యాలిబ్రేషన్, టెస్టింగ్ విభాగాల ఇంటర్వ్యూల్లో ‘మా టీమ్ కారు చేసింది’ అంటే సరిపోదు. ‘ఈ నిష్పత్తి ఎందుకు ఎంచుకున్నావు? పరీక్షలో ఏం తేలింది?’ అని అడుగుతారు. అందుకని మొదటి రోజు నుంచే లెక్కలు, కొలతలు, విరిగిన భాగాల ఫొటోలు ఒక నోట్‌బుక్‌లో పెట్టుకోండి. విరిగిన భాగం గురించి కారణంతో సహా చెప్పగలిగితే అదే మీ బలం.

కాలేజీలో టీమ్ లేదా? లక్షలు ఖర్చు పెట్టక్కర్లేదు. పాత 100 సీసీ బైక్ ఇంజిన్ ఒకటి సంపాదించండి. తెలిసిన మెకానిక్ దగ్గర కూర్చుని విప్పండి. సిలిండర్ అరుగుదలను బోర్ గేజ్‌తో, వాల్వ్ క్లియరెన్స్‌ను ఫీలర్ గేజ్‌తో కొలిచి, మాన్యువల్‌లోని అంకెలతో పోల్చండి. తిరిగి బిగించి స్టార్ట్ చేయండి. రెజ్యూమెలో రాసుకోవడానికి మీ చేత్తో చేసిన పని ఒకటి అప్పుడే మొదలవుతుంది.