పది తర్వాత మరో దారి: చేతిపనిని పిల్లలకు ముందే చూపిద్దాం

సికింద్రాబాద్ రైల్వేస్టేషన్ మీదుగా బడికి వెళ్లే పిల్లలకు కొంతకాలంగా క్రేన్లు మామూలు దృశ్యం అయిపోయాయి. 1874లో వాడి నుంచి మొదటి రైలు మార్గం వచ్చిన ఈ స్టేషన్‌ను సుమారు 700 కోట్ల రూపాయల ఖర్చుతో కొత్తగా కట్టే పనికి 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగింది. అక్కడ పని చేసేది ఎవరని ఆ పిల్లలను అడిగి చూడండి. ‘ఇంజనీర్లు, కూలీలు’ అంటారు. ఆ ఇద్దరి మధ్య ఉన్నవాళ్లు వాళ్లకు కనబడరు. కడ్డీలు వంచి కట్టేవారు, సెంట్రింగ్ బిగించే వడ్రంగులు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, టైల్స్ మేస్త్రీలు ఎవరూ గుర్తుకు రారు. నిజానికి కట్టడం గట్టిగా నిలబడేది వీరి పనితనం మీదే.

ఏటా స్కాలర్‌షిప్ కోసం మా దగ్గరికి వచ్చే పిల్లలను ‘పది తర్వాత ఏం చదువుతావు?’ అని అడుగుతాం. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అనే జవాబులే వస్తాయి. ఎలక్ట్రీషియన్ అవుతానని చెప్పే పిల్లలు దాదాపు కనబడరు. అలా చెప్పిన పిల్లల్లో కొందరు ఇంటర్‌లో తప్పి, రెండేళ్ల తర్వాత ఎవరో ఉస్తాద్ వెంట సామాను మోస్తూ కనిపిస్తారు. అంటే చేతిపని వాళ్లకు దొరుకుతూనే ఉంది. ఓడిపోయాక, వేరే దారి లేక దొరుకుతోంది. మా బాధంతా ఇక్కడే. ఆ పనిని ముందే చూపించి, ఇష్టపడ్డవారికి సరైన శిక్షణ ఇప్పిస్తే అదే పిల్లవాడి బతుకు వేరుగా ఉంటుంది.

మన సమాజానికి ఈ మాట మరీ అవసరం. ముస్లిం కార్మికుల్లో స్వయం ఉపాధి మీద, చేతివృత్తుల మీద బతికేవారి పాలు ఎక్కువని 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చూపింది. మన మొహల్లాల్లో పనితనానికి కొదవ లేదు. ఆ పనితనానికి కాగితం లేదు, గుర్తింపు లేదు, గౌరవం లేదు.

గౌరవం సంగతి ముందు మన ఇళ్లలోనే తేలాలి. ఇబ్రాహీం (అలైహిస్సలాం), ఆయన కుమారుడు ఇస్మాయీల్ (అలైహిస్సలాం) కాబా గోడలు లేపిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి. దావూద్ (అలైహిస్సలాం) ఇనుముతో కవచాలు చేసి, సొంత చేతుల సంపాదన తిన్నారు. మదీనాలో మస్జిద్ కట్టేటప్పుడు దైవప్రవక్త (సఅసం) స్వయంగా ఇటుకలు మోశారు. ఇవన్నీ మదర్సాలో చెప్పి, ఇంటికొచ్చి ‘చదవకపోతే మేస్త్రీ పనికి పంపుతా’ అని బెదిరిస్తున్నాం. పిల్లవాడు ఏ మాట గుర్తుపెట్టుకుంటాడో ఆలోచించండి.

బడి లెక్కలే పనిలో లెక్కలు

చేతిపనికి చదువు అక్కర్లేదనేది పెద్ద అపోహ. తాపీ మేస్త్రి గోడ మూల సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి ఒకవైపు 3 అడుగులు, రెండోవైపు 4 అడుగులు కొలిచి గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య దూరం 5 అడుగులు వస్తే మూల సరైనదే. పదో తరగతిలో చదివే పైథాగరస్ సిద్ధాంతం ఇదే. నీళ్లు నింపిన ట్యూబుతో గది నాలుగు మూలల్లో మట్టం చూడటం భౌతికశాస్త్రం.

ఇనుప కడ్డీ బరువు కావాలంటే దాని మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో తెలుస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు సుమారు 0.89 కిలో, 12 మీటర్ల కడ్డీ 10 కిలోల 600 గ్రాముల పైచిలుకు. ఈ లెక్క వచ్చినవాడిని ఇనుము దుకాణంలో ఎవరూ మోసం చేయలేరు.

కరెంటు పనిలో అయితే లెక్క తప్పితే ప్రాణానికే ముప్పు. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే వైరు వేడెక్కి కాలుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, తగిన మందం వైరు, ఎర్తింగ్ ఎందుకు కావాలో తెలిసినవాడే ఎలక్ట్రీషియన్. స్విచ్ బిగించడం మాత్రమే తెలిసినవాడు హెల్పరే. ఉస్తాద్‌లు నేర్పే చేతివాటం విలువైనది, దాన్ని మేము తక్కువ చేయడం లేదు. దానికి ఈ లెక్క, డ్రాయింగ్ చదవడం తోడైతే పిల్లవాడు హెల్పర్‌గానే ఆగిపోడు.

ఏ దారిలో వెళ్లాలి?

మొదటి దారి ఐటీఐ. హైదరాబాద్‌లో మల్లేపల్లి, ముషీరాబాద్ వంటి చోట్ల ప్రభుత్వ ఐటీఐలు ఉన్నాయి. 14 ఏళ్లు నిండినవారు చేరవచ్చు. ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు, దానికి సైన్సు, లెక్కలతో పది పాసై ఉండాలి. సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కూడా రెండేళ్లే. ప్లంబర్, వెల్డర్, వడ్రంగి కోర్సులు ఏడాది. వెల్డర్, వడ్రంగి వంటి కొన్నింటికి ఎనిమిదో తరగతి చాలు. అయినా పది పాసయ్యాకే చేరమని మేము గట్టిగా చెబుతాం. కారణం కింద చెబుతున్నాం.

ఐటీఐ తర్వాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద సంస్థల్లో స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చు. మన ఊళ్లోనే రైల్‌నిలయం ఉంది, 1893 నాటి లాలాగూడ వర్క్‌షాపు ఉంది. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్‌లను తీసుకునేటప్పుడు పదో తరగతి, ఐటీఐ మార్కులను బట్టి ఎంపిక చేస్తుంది. అందువల్ల పదిలో మార్కులు ఐటీఐకి వెళ్లేవాడికీ అవసరమే.

రెండో దారి నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్. ‘న్యాక్’ అని పిలిచే ఈ సంస్థ 1998లో హైదరాబాద్‌లో ఏర్పడింది. నిర్మాణ రంగం పనుల్లో తక్కువ కాలం శిక్షణలు ఇక్కడ ఇస్తారు. చదువు మధ్యలో ఆపేసినవారు ముందుగా ఇక్కడ వాకబు చేయాలి. ఇప్పటికే పని తెలిసి కాగితం లేని పెద్దవారికి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా కేంద్ర నైపుణ్య శిక్షణ పథకంలో ఉంది.

ఐటీఐతో చదువు ఆగిపోతుందన్న భయం వద్దు. అర్హత ఉన్నవారు ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో, ఆ తర్వాత ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. దారి పొడవు పెరుగుతుంది కానీ తలుపు మూసుకోదు.

గల్ఫ్‌కు వెళ్లాలనుకునేవారికి

పది పాసు కానివారి పాస్‌పోర్టు ‘ఈసీఆర్’ కిందికి వస్తుంది. గల్ఫ్ దేశాల్లో ఉద్యోగానికి వెళ్లాలంటే వారికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. పది పాసైతే ఆ అవసరం ఉండదు. పది పూర్తి చేయమని మేము పట్టుబట్టడానికి ఇదొక కారణం. ఇక సౌదీ అరేబియా ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ వంటి వృత్తులకు మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెట్టి, పాసైనవారికే ఆ వృత్తి వీసా ఇచ్చే పద్ధతి తెచ్చింది. పని వచ్చి కూడా ‘లేబర్’ వీసా మీద వెళ్లి తక్కువ జీతానికి చేసేవారు మన కుటుంబాల్లోనే ఉన్నారు. ఏజెంటుకు డబ్బు కట్టేముందు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ‘టామ్‌కామ్’లో విచారించుకోవాలి.

చూపించడం వేరు, పనికి పెట్టడం వేరు

హైస్కూలు పిల్లలకు ఈ వృత్తులు పరిచయం చేయడమంటే సెలవుల్లో సైటుకు కూలికి పంపడం కాదు. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడం నేరం. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదుకు వయసు 18 నిండాలి. ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉండాలి. ఆ వయసు వచ్చిన మన మేస్త్రీల్లో చాలామంది నమోదు చేసుకోలేదు. వెంటనే చేసుకోవాలి.

కష్టాలు కూడా దాచకూడదు. ఎండలో పని, నడుం నొప్పి, వానాకాలంలో ఖాళీ రోజులు, బిల్లు ఎగ్గొట్టే యజమానులు ఉంటారు. హెల్మెట్, బెల్టు లేకుండా ఎత్తు ఎక్కితే ఒక్క తప్పుటడుగు కుటుంబం మొత్తాన్ని కూలుస్తుంది. ఇవన్నీ విన్న తర్వాత కూడా ఇష్టపడే పిల్లలే ఈ దారికి తగినవారు. డాక్టరు కాగలిగిన పిల్లవాడిని వెనక్కి లాగడం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. అమ్మాయిలకూ ఈ తలుపు తెరిచే ఉండాలి. సివిల్ డ్రాఫ్ట్స్‌మన్, ఎలక్ట్రీషియన్ కోర్సులు వాళ్లు బాగా చేయగలరు.

మనం చేయగలిగింది

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను ఏడాదికి ఒకరోజు ఐటీఐ వర్క్‌షాపుకు తీసుకువెళ్దాం. అక్కడ ఒక ఇటుక వరుస పేర్చనిద్దాం, ఒక హోల్డర్‌కు వైరు బిగించనిద్దాం. పని బాగా వచ్చిన ఉస్తాద్‌లను బడికి పిలిచి, పిల్లల ముందు కుర్చీ వేసి కూర్చోబెడదాం. తన బస్తీ ఉస్తాద్‌ను టీచరు ‘సార్’ అని పిలవడం పిల్లవాడు ఒక్కసారి చూస్తే చాలు, పది ఉపన్యాసాలు అక్కర్లేదు.

దాతలకు ఒక మనవి. శిక్షణ పూర్తి చేసిన పేద విద్యార్థికి డ్రిల్ మెషిన్, మల్టీమీటర్, రసమట్టం, స్పానర్లు ఉన్న పనిముట్ల పెట్టె లేక పని మొదలుకాదు. జకాత్‌కు అర్హుడైన విద్యార్థికి ఆ పెట్టెను పూర్తిగా సొంతం చేసి ఇవ్వడం గురించి మీకు నమ్మకమైన ఉలమాను అడగండి. ఈ ఏడాది జకాత్ తీసుకున్న చేయి వచ్చే ఏళ్లలో జకాత్ ఇచ్చే చేయి కావాలన్నదే మా కోరిక.

తల్లిదండ్రులకు చివరిగా ఒక మాట. ఫలితాలు వచ్చే రోజు దాకా ఆగకండి. మీ బాబు, మీ పాప తొమ్మిదిలో ఉండగానే ఈ సంగతులు కూర్చుని మాట్లాడండి. మన పిల్లల చేతుల్లో, వారి సంపాదనలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.