పొలమునకు తీసికొనిపోవుటకు ముందు డిజిటల్ కెమేరాలో సరిచూచుకొనవలసిన అమరికలు

పైరునకు తెగులు సోకినపుడు ఒక ఆకును కోసి, తడిగుడ్డలోనో కాగితములోనో చుట్టి, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రమునకు తీసికొనిపోవుట రైతులకు అలవాటైన పద్ధతి. ఇది మంచి పద్ధతియే. కాని బస్సు దిగునప్పటికి ఆకు వాడిపోవును. పురుగు చచ్చి రంగు మారును. అందువలన నేడు చాలమంది ఫోటో తీసి పంపుచున్నారు. ఫోటో వాడదు, ఎండదు. అయినను, అది తప్పుడు సాక్ష్యము చెప్పగలదు. పసుపు బారిన ఆకును పచ్చగాను, పచ్చని ఆకును పసుపుగాను చూపగలదు. ఆగస్టు నెలలో తీసినదానిని జనవరిలో తీసినట్లు చూపగలదు. ఆ ఫోటోను నమ్మి దూరమున నున్న శాస్త్రజ్ఞుడు ఒక మందు చెప్పును. మీరు దానిని కొని చల్లుదురు. మందు ఖర్చు, కూలి ఖర్చు పోవును, తెగులు మాత్రము అట్లే యుండును. ఈ నష్టమునకు మూలము చాలసార్లు కెమేరాలోని ఒకటి రెండు అమరికలు సరిగా లేకపోవుటయే.

చేతిలో ఫోను ఉండగా కెమేరా ఎందుకని మీరడుగవచ్చును. చాల పనులకు ఫోను చాలును. కాని ఇంటిలో పిల్లలు కొనిన కెమేరాయో, రైతు సంఘమువారి కెమేరాయో అందుబాటులో నున్నచో దానిని మూలను పెట్టనక్కరలేదు. దూరమున నున్న కొమ్మను దగ్గరకు తెచ్చి చూపుటలోను, మండుటెండలో బిగువుగా పట్టుకొని తీయుటలోను అది సదుపాయముగా నుండును. ఒక్క భేదము మాత్రము గుర్తుంచుకొనవలెను. ఫోను తన తేదీని, గంటను సెల్ టవరు నుండి తానే తెలిసికొనును. కెమేరాకు మీరు చెప్పినదే తెలియును.

మెనూ అనగా నేమి?

కెమేరా వెనుక భాగమున 'మెనూ' అని వ్రాసిన మీట యొకటి యుండును. దానిని నొక్కినచో తెరపై అమరికల పట్టిక వచ్చును. ప్రక్కనే నాలుగు దిక్కులకు నొక్కదగిన గుండ్రని మీట యుండును. పైకి, క్రిందికి నొక్కుచు పట్టికలో నడువవలెను. నడుమనున్న 'ఓకే' లేక 'సెట్' మీట నొక్కి ఎన్నుకొనవలెను. పట్టికలో సాధారణముగా మూడు భాగములుండును. కెమేరా బొమ్మ గలది ఫోటోలు తీయుటకు, త్రికోణపు గుర్తు గలది తీసినవి చూచుటకు, స్పానరు బొమ్మ గలది కెమేరాను సిద్ధము చేసికొనుటకు. కంపెనీని బట్టి పేర్లు కొంత మారవచ్చును గాని ఈ బొమ్మలు దాదాపు అన్నిటను ఒక్కటే.

మొదట స్పానరు బొమ్మ గల భాగములో భాషను ఎన్నుకొనుడు. నికాన్ కంపెనీవారి కూల్‌పిక్స్ కెమేరాలు కొన్నింటిలో తెలుగు కూడ కలదు. ఉన్నచో తప్పక తెలుగునే పెట్టుకొనుడు. ఇంగ్లీషు వచ్చినవారికి కూడ పొలములో తొందరగా చదువుకొనుటకు మాతృభాషయే మేలు. పిల్లలు ఆడుకొనుచు ఏదో తెలియని భాషకు మార్చి పెట్టినచో కంగారు పడవలదు. స్పానరు బొమ్మ భాగములో వరుసగా చూచుకొనుచు పోయినచో భాషల పేర్లు ఒక్కొక్కటి దాని స్వంత లిపిలో వ్రాయబడిన పుట దొరకును.

తేదీ, గంట

క్రొత్త కెమేరాను తెరచినపుడు అది మొట్టమొదట అడుగునది తేదీయే. చాలమంది దానిని దాటవేసి ఫోటోలు తీయ మొదలుపెట్టుదురు. అట్టి కెమేరా తనకు కంపెనీలో పెట్టిన ఏదో ఒక సంవత్సరపు జనవరి 1వ తేదీని ప్రతి ఫోటోలోను వ్రాయుచుండును. వేసవిలో పెట్టెలో పెట్టి మరచిన కెమేరాకు కూడ ఇదే గతి పట్టును. గడియారమును నడుపుటకు లోపల చిన్న విద్యుత్ నిల్వ యొకటి యుండును. పెద్ద బ్యాటరీ ఖాళీయైనను, తీసివేసినను, అది కెమేరాను బట్టి కొన్ని దినములో, కొన్ని వారములో మాత్రమే నిలుచును. తరువాత గడియారము ఆగిపోవును. కావున ఖరీఫు మొదలగునప్పుడు బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి, తేదీని మరల సరిచూడవలెను.

ఇక్కడ ఒక మెలిక కలదు. తేదీని వ్రాయు క్రమమును కూడ మీరే ఎన్నుకొనవలెను. అమెరికా వారు నెలను ముందు, తేదీని తరువాత వ్రాయుదురు. కెమేరా ఆ క్రమములో నున్నచో 7-8 అని కనబడినది జూలై 8 అగును. మనము దానిని ఆగస్టు 7 అని చదువుకొందుము. వరి నాటిన తరువాత నెలదినముల తేడా అనగా పిలకల దశయా, అంకురము ఏర్పడు దశయా అనునంత తేడా. దినము, నెల, సంవత్సరము అను క్రమమునే పెట్టుకొనుడు. కాలమండలము అడిగినచో ఢిల్లీ లేక కోల్‌కతా అను పేరును ఎన్నుకొనుడు; 5 గంటల 30 నిమిషములు అని ప్రక్కన చూపును. వేసవిలో గడియారమును గంట ముందుకు జరుపు అమరిక యొకటి కొన్నింటిలో నుండును. అది విదేశములకు తగినది. మన దేశములో దానితో పనిలేదు, తీసివేయుడు.

తేదీని ఫోటో మూలన ముద్రించు అమరికను గురించి రెండభిప్రాయములు కలవు. ఒకసారి ముద్రింపబడిన అంకెలను తీసివేయుటకు వీలులేదు, అవి ఆకు మీదనే పడినచో కొంత భాగమును కప్పివేయును. ముద్రింపకున్నను తేదీ ఫైలులోపల దాగియేయుండును గదా యని కొందరందురు. నిజమే. కాని వాట్సాప్ ద్వారా మామూలు ఫోటోగా పంపినచో లోపలి ఆ వివరములు తొలగిపోవును, ఫోటో కూడ చిన్నదగును. అదే ఫోటోను 'డాక్యుమెంటు'గా పంపినచో ఉన్నది ఉన్నట్లు చేరును. డాక్యుమెంటుగా పంపుట తెలిసినవారు ముద్రణను మానవచ్చును. తెలియనివారికి ముద్రణయే క్షేమము.

వడగండ్లు పడినపుడు, పొలము మునిగినపుడు తీసిన ఫోటోలకు తేదీ మరింత ముఖ్యము. అయితే ఒక మాట. కెమేరా తేదీని ఎవరైనను మార్చవచ్చునని అధికారులకు తెలియును. ఫోటో యున్నది గదా యని ఊరకుండరాదు. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నిబంధనల ప్రకారము ఇట్టి స్థానిక నష్టమును 72 గంటలలోపల తెలియజేయవలెను. ముందు ఆ పని చేయుడు. ఫోటో దానికి తోడు మాత్రమే.

రంగు

అన్నిటికంటె ఎక్కువ పొరపాట్లు జరుగునది ఇక్కడనే. ఎండ రంగు వేరు, మబ్బు వెలుతురు రంగు వేరు, బల్బు వెలుతురు రంగు వేరు. మన కన్ను వెంటనే సరిపెట్టుకొనును గనుక మనకు ఆ భేదము తెలియదు. కెమేరాకు ఆ నేర్పు కొంతయే కలదు. ఏ వెలుతురులో తీయుచున్నామో దానికి చెప్పు అమరికను 'వైట్ బ్యాలన్సు' అందురు. అందులో సూర్యుడు, మబ్బు, ఇల్లు, బల్బు బొమ్మలుండును. ఇంటి బొమ్మ నీడకు గుర్తు. 'ఆటో' అనునది కెమేరాయే ఊహించుకొనుమని విడిచిపెట్టుట.

ఆటో పెండ్లి ఫోటోలకు చాలును. ఆకు ఫోటోలకు చాలదు. ఫోటో నిండ పసుపు బారిన వరి ఆకే యున్నచో, ఆ పసుపు వెలుతురుది కాబోలునని కెమేరా పొరబడి దానిని తగ్గించును. అప్పుడు జబ్బు ఆకు కొంత ఆరోగ్యముగా కనబడును. దీనికి మారుగా, బల్బు గుర్తు మీద పెట్టి మరచిన కెమేరాతో ఎండలో తీసినచో పైరంతయు నీలి చాయగా వచ్చును. సూర్యుని గుర్తు మీద పెట్టిన కెమేరాతో రాత్రి ఇంటిలో పసుపు బల్బు క్రింద తీసినచో పచ్చని ఆకు కూడ పసుపు చాయకు తిరుగును.

ఇది చిన్న విషయమని తలచరాదు. వరిలో నత్రజని లోపమున్నచో ముదురాకులు ముందు పసుపు బారును. ఇనుము లోపమున్నచో, ముఖ్యముగా మెట్ట నారుమళ్లలో, లేతాకులు పాలిపోయి తెల్లబారును. జింకు లోపమున్నచో నాటిన రెండు నుండి నాలుగు వారములలో ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చును. పసుపు, తెలుపు, తుప్పు అను ఈ మూడు రంగుల భేదము మీదనే యూరియా వేయవలెనా, అన్నభేది పిచికారి చేయవలెనా, జింకు సల్ఫేటు వాడవలెనా అనునది తేలును. రంగు చెడినచో సలహా చెడును.

కావున ఎండలో సూర్యుని గుర్తును, ముసురు పట్టినపుడు మబ్బు గుర్తును స్వయముగా పెట్టుకొనుడు. దీనికంటె సులభమైన ఉపాయము మరొకటి కలదు. ఆకు ప్రక్కన ఒక తెల్ల కాగితపు ముక్కను పెట్టి, అది కూడ ఫోటోలో పడునట్లు తీయుడు. కాగితము తెల్లగా కనబడినచో ఆకు రంగు నమ్మదగినది. కాగితము నీలముగానో పసుపుగానో వచ్చినచో చూచువారు ఆ మేరకు సరిచేసి అర్థము చేసికొందురు. ఖర్చు లేని ఈ ఉపాయమును ఎందుకో ఎవరును పాటించుట లేదు. ఆ కాగితము మీద స్కేలు కూడ పెట్టినచో మచ్చ సైజు, పురుగు పొడవు తెలియును.

ఈ గుర్తులు మెనూలో కనబడలేదని కొందరు చెప్పుదురు. కెమేరా పైనున్న చక్రము 'ఆటో' మీద నున్నచో చాల అమరికలు మూతపడి యుండును. చక్రమును 'పి' అక్షరము మీదికి త్రిప్పుడు, అవి తెరచుకొనును.

వెలుతురు ఎక్కువ తక్కువలు కూడ ఇదే కోవకు చెందినవి. కెమేరా ప్రతి దృశ్యమును నడితరపు వెలుతురుకు తేవలెనని చూచును. నల్లరేగడి నేల ఎక్కువగా కనబడు ఫోటోలో నలుపును తెలుపు చేయబోయి, ఆకును వెలవెలబోవునట్లు చేయును. అట్టిచోట ప్లస్, మైనస్ గుర్తులు గల అమరికను మైనస్ 0.7కు తగ్గించుడు. విచ్చిన ప్రత్తికాయను దగ్గరగా తీయునపుడు ప్లస్ 0.7కు పెంచుడు, లేనిచో తెల్లని దూది మాసినట్లు వచ్చి, నిజముగా రంగు మారిన దూదికి, మంచి దూదికి తేడా తెలియదు.

దగ్గరి ఫోటోలు

గుండ్రని మీట మీద చిన్న పువ్వు బొమ్మ యుండును. దానిని 'మాక్రో' అందురు. పురుగులకు, మచ్చలకు దీనినే వాడవలెను. 2018లో మన దేశమున కనబడిన కత్తెర పురుగును మొక్కజొన్నలో గుర్తించుటకు దాని తలమీద తలక్రిందులైన 'వై' అక్షరపు గీతను, తోక దగ్గర చదరముగా నున్న నాలుగు చుక్కలను చూడవలెను. పువ్వు గుర్తు లేకుండ తీసిన ఫోటోలో అవి మసకబారి, ఏ పచ్చపురుగైనను ఒక్కతీరుగనే యుండును. మిరపలో తామర పురుగు ఒక మిల్లీమీటరు పొడవున నుండును, 2021లో వచ్చిన నల్ల తామర పురుగు పూలలో దాగును. వాటికి కెమేరాను మరింత దగ్గరగా తీసికొనిపోవలెను. మాక్రోలో జూము వాడరాదు. జూము పెంచినకొలది కెమేరా దూరముగా జరుగవలసి వచ్చును.

'డిజిటల్ జూము' అనునది మెనూలో నున్నచో దానిని పూర్తిగా తీసివేయుడు. అది లెన్సుతో చేయు పని కాదు. ఉన్న బొమ్మను సాగదీయుట మాత్రమే. ఫ్లాషును కూడ పగలు ఆపివేయుడు. దగ్గరి ఆకు మీద అది తెల్లని మెరుపు మచ్చను పడవేయును, ఆ మచ్చను తెగులని భ్రమపడుటకు వీలున్నది. ఐ.ఎస్.ఓ. అను అమరికను ఆటోలో ఉంచి, పై హద్దును 800 దగ్గర పెట్టిన చాలును.

సైజు, నాణ్యత, కార్డు

120 రకపు ఫిలిము వేసిన పెట్టె కెమేరాలో 8 లేక 12 ఫోటోలు మాత్రమే వచ్చెడివి. మీట నొక్కుటకు ముందు పది సార్లు ఆలోచించెడివారు. నేడు ఆ బాధ లేదు గనుక సైజులో పొదుపు చేయనక్కరలేదు. 'ఎల్' సైజు, 'ఫైన్' నాణ్యత పెట్టుడు. 4000 × 3000 చుక్కలు గల ఫోటోలో ఒక చిన్న మచ్చను పెద్దది చేసి చూచుటకు వీలున్నది. చిన్న సైజులో తీసినదానిని ఎంత పెద్దది చేసినను లేనిది కనబడదు. 'రా' అను మరొక పద్ధతి కలదు. అది స్టూడియో వారికి. దాని జోలికి పోవలదు. ఒక్కొక్కటి 5 ఎం.బి. చొప్పున 32 జి.బి. కార్డులో సుమారు 6,000 ఫోటోలు పట్టును. పాత కెమేరా అయినచో 64 జి.బి. కార్డు కొనుటకు ముందు అది పనిచేయునో లేదో అడిగి తెలిసికొనుడు. 32 జి.బి. దాటిన కార్డులు వేరు రకము.

క్రొత్త కార్డును కెమేరాలోనే 'ఫార్మాట్' చేయవలెను. ఈ మాట జాగ్రత్తగా వినుడు: ఫార్మాట్ చేసినచో కార్డు మీద నున్నవన్నియు పోవును. చెరగకుండ తాళపు గుర్తు పెట్టుకొన్న ఫోటోలు కూడ నిలువవు. ముందు వాటిని కంప్యూటరులోనికో, ఫోనులోనికో ఎక్కించుకొనుడు. ఫైలు సంఖ్యల అమరికను 'వరుస' పద్ధతిలో ఉంచుడు. లేనిచో ఫార్మాట్ చేసిన ప్రతిసారి సంఖ్య 1 నుండి మొదలై, కంప్యూటరులోని నిరుటి ఫోటోల మీద ఈ ఏటివి ఎక్కి కూర్చుండును. కార్డు ప్రక్కన చిన్న జారుడు గొళ్లెము 'లాక్' వైపున నున్నచో కెమేరా ఫోటో తీయదు. చెడిపోయినదని బజారుకు పరుగెత్తుటకు ముందు దానిని చూడుడు.

అన్నియు పెట్టిన తరువాత పొలమునకు పోకముందే పెరటిలోని మిరప మొక్కనో, వంగ మొక్కనో తెల్ల కాగితముతో సహా ఒక ఫోటో తీయుడు. త్రికోణపు మీట నొక్కి దానిని తెరపైకి తెచ్చి, 'డిస్ప్' లేక 'ఇన్ఫో' మీట నొక్కినచో తేదీ, గంట, సైజు కనబడును. గోడ గడియారముతో గంటను పోల్చుడు. కాగితము తెల్లగా నున్నదో లేదో చూడుడు. జూము మీటతో ఫోటోను పెద్దది చేసి ఆకు ఈనెలు స్పష్టముగా నున్నవో లేవో చూడుడు. మూడును సరిపోయినచో బ్యాటరీని మరియొకమారు చార్జి చేసి, కెమేరాను గుడ్డసంచిలో పెట్టుకొని బయలుదేరుడు. మందు డబ్బాలున్న సంచిలో మాత్రము పెట్టవలదు.