చేతి సొమ్ము



మా నరసరావుపేటలో మాఘమాసము కడపటికి వచ్చుసరికి రెండు సందడులు ఒక్కమారే కలియును. ఒకటి కోటప్పకొండ తిరునాళ్ళ, రెండవది మిరపకాయ. పల్లెలవారు ప్రభలు కట్టుకొని త్రికూటేశ్వరుని సన్నిధికి బయలుదేరు దినములలోనే, కల్లములలో ఎండిన కాయలు టిక్కీలకెక్కి గుంటూరు యార్డునకు పోవుచుండును. ఆ కాయలలో కొన్నిటిని కొని, తొడిమలు తీయించి, మరపట్టించి, కారముగను పచ్చళ్ళుగను అమ్ముకొను స్త్రీలు మాలో పెక్కుమంది కలరు. నేనును నా తోడికోడలును అట్టివారమే.

ఇట్టి పనిలో దిగదలచినవారు నన్ను తరచుగా అడుగు మాట యొకటి యున్నది. అన్నియు ముందుగానే నిర్ణయించుకొని నడువవలెనా, లేక సమయమునకు తోచినట్లు నడుపుకొనవలెనా? ఈ రెండు త్రోవలను ద్రొక్కి రెంటను దెబ్బతిన్నదానను గనుక, పండితురాలను కాకున్నను నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నా తోడికోడలు లెక్కలలో దిట్ట. పని ప్రారంభించిన క్రొత్తలో ఆమె ఒక పుస్తకము కుట్టి, ఏ మాసమున ఎంత కాయ కొనవలయునో, మరకు కూలి యెంతో, సీసాలకెంతో, వీసె కారమును ఎంతకు అమ్మవలయునో సంవత్సరమునకంతకు వ్రాసిపెట్టినది. ఆ పుస్తకమును చూచి నేను మురిసిపోయితిని. 2022 సంక్రాంతి పండుగకు వచ్చిన హైదరాబాదు బంధువుల వద్దను, వారి యెరుగుదల వారి వద్దను, వేసవికి పంపవలసిన కారమునకు అప్పుడే ధర చెప్పి బయానా పుచ్చుకొంటిమి.

అయితే ఆ యేడు మిరప తోటలపై నల్ల తామరపురుగు పడినది. పూవులో దూరి రసము పీల్చు నలుసంత పురుగది. పూత రాలిపోయెను. గుంటూరు, ప్రకాశము సీమలలో ఎందరో రైతులు తోటలు దున్నివేసిరి. కాయ దిగుబడి తగ్గెను, ధర పెరిగెను. మా పుస్తకములోని ధరకు కారము కాదుగదా, కాయయే దొరకలేదు.

కొన్నవారికి కబురుచేసి ధర పెంచుదమని నేనంటిని. మా అత్తగారు, “బయానా పుచ్చుకొన్న నాడు మాట యిచ్చితిరి కదమ్మా, ఇప్పుడు ఏ ముఖముతో అడుగుదురు?” అనిరి. చెప్పిన ధరకే చెప్పినంత కారమును పంపితిమి. నా చేతి గాజులు తాకట్టునకు పోయినవి. అవి తిరిగి వచ్చుటకు పదునాలుగు మాసములు పట్టెను.

దీనితో లెక్క లన్నియు వ్యర్థమని నాకు విరక్తి కలిగెను. సమయము చూచి దొరకినది అందుకొనుటయే వ్యాపార మనుకొంటిని. అట్టి సమయమును మరుసటి యేడే వచ్చినది. 2023 శివరాత్రికి కొండకు వచ్చిన చుట్టములు ఉపవాసము విడిచిన మరునాటి ఉదయమున మా యింట భోజనము చేసిరి. విస్తరిలో పండుమిరపకాయల పచ్చడి వడ్డించితిమి. అది తిని, తమకును తమ యిరుగుపొరుగు వారికిని కావలెననిరి. రెండు దినములలో ఇరువది వీసెల కొరకు కబుర్లు వచ్చినవి! నా తోడికోడలు, “అక్కా, ఇది మన లెక్కలో లేదు, తొందరపడకుము” అనుచునేయున్నది. నేను వినలేదు. పండుకాయ తెప్పించి కడిగితిని. గుడ్డతో తుడిచి, నీడను ఆరబెట్టి, తడి పూర్తిగ పోయిన పిమ్మటనే దంచవలెనని మనలో చిన్నపిల్లకు కూడ తెలియును. ఆ ఒక్క పూటకు నేను ఓర్వలేక పోయితిని. ఉప్పు కూడ చేతికొలతయే. మూడు వారములకు సగము సీసాలలో బూజు పట్టినదని టెలిఫోనులు వచ్చినవి. అందరి సొమ్మును తిరిగి యిచ్చితిని. గాజులు ఇంకను బ్యాంకులోనే యుండెను.

ఆ వేసవిలో నాకు లిజ్జత్ అప్పడముల వారి చరిత్ర చదువు నవకాశము కలిగెను. 1959 మార్చి 15వ తేదీన బొంబాయి గిర్గాములో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడపై కూర్చుండి అప్పడములు వత్తిరి. మొదటి దినమున అయినవి నాలుగు పొట్లములు. వానకాలము వచ్చుసరికి ఎండ లేక నాలుగు మాసములు పని ఆగిపోయెను. మరుసటి యేడు వారొక మంచమును, ఒక పొయ్యిని కొని, మంచముపై అప్పడములు పరచి క్రింద పొయ్యి నుంచి ఆరబెట్టుకొనిరి. ఆ యేడుగురిలో ఒకరగు జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ ప్రకటింపబడినది.

నాకు ఆ మంచము మనసున నిలిచినది. వారు అప్పడపు నాణ్యమును తగ్గింపలేదు, ఎవరిని విరాళమడుగలేదు. అవి ముందు చేసికొన్న కట్టుబాట్లు. మంచమును పొయ్యియు మాత్రము వాన కురిసిన పిమ్మట తోచినవి. అది చదివి నేను తోడికోడలితో నన్న మాట యొక్కటే: “తోచుట సరియే. తోచిన నాడు మంచము కొనుటకు మనకు డబ్బేదీ?”

అప్పటినుండి మా పద్ధతి మారినది. తడి ఆరుట, ఉప్పు కొలత, తాలు కాయ కలుపకుండుట, ఇచ్చిన మాట నిలుపుట, ఇవి పుస్తకములో ఎఱ్ఱసిరాతో వ్రాసియున్నవి. వానిని ఎంత తొందరలోను మార్చరాదు. ధర మాత్రము సంవత్సరమునకు వ్రాయము, ఆ వారమునకే చెప్పుదుము. వచ్చిన ప్రతి పది రూపాయలలో ఒక్క రూపాయిని వేరు డబ్బాలో వేయుదుము. దానికి చేతి సొమ్మని పేరు. అకస్మాత్తుగా తోచిన పని యేదైనను దానితోనే చేయవలెను. ఎందుకు తీసితివని ఒకరినొకరు అడుగరాదు. డబ్బా ఖాళీయైనచో ఇంటి సొమ్ము తాకరాదు. బియ్యము కొలిచి పోసి, వచ్చు అతిథి కొరకు ఒక పిడికెడు హెచ్చుగ వేయు మనకు ఇదేమి క్రొత్త విద్య కాదు. వ్యాపారమనగానే ఆ పిడికెడు మరచిపోయితిమి, అంతే.

2025లో ధర తలక్రిందులైనది. కాయ యెంత పడిపోయెననగా, ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము క్వింటాలునకు 11,781 రూపాయలని మద్దతు ధర ప్రకటింపవలసి వచ్చినది. “ఇప్పుడు కొని దాచుకొనుడు, మరల ఇంత చవుక దొరకదు” అని యందరు చెప్పిరి. నాకును ఆశ పుట్టెను. డబ్బా తెరచి చూడగా అందున్న సొమ్మునకు నాలుగు టిక్కీలు వచ్చును. నాలుగే కొందమనుకొంటిమి.

మా యింట తొడిమలు తీయుటకు వచ్చు ఒక అమ్మకు ఎకరము కౌలు తోట గలదు. ఆమె కాయయే కొనవచ్చునని కబురుపెట్టితిని. ఆమె వచ్చి అరుగుపై కూర్చుండి, కోత కూలి కూడ రాదమ్మా యని మెల్లగా చెప్పినది. మాకు చవుకయైనది ఆమెకు కౌలు బాకీ. నా తోడికోడలు పుస్తకము ముందు పెట్టుకొని చాలసేపు ఊరకుండినది. పిమ్మట నాలుగు టిక్కీల సొమ్మును ఆమె చేతిలో పెట్టి, మూడు చాలును, నాలుగవది ఇంటనే యుంచుకొమ్మనినది. ఆ రాత్రి లెక్క వ్రాయునపుడు ఒక టిక్కీ ధరను ఏ పద్దున వ్రాయవలెనో తెలియక నన్నడిగినది.

“చేతి సొమ్ము” అని వ్రాయుమంటిని.