కరెంటు పోతే బేస్ గిటారు మూగపోవాలా?

మీ ఇంట్లో ఇద్దరు పిల్లలు గిటార్లు నేర్చుకుంటున్నారనుకోండి. పెద్దవాడిది మామూలు చెక్క గిటారు, అకూస్టిక్ అంటారే, అది. చిన్నదానిది నాలుగు లావుపాటి తీగలున్న బేస్ గిటారు. చర్చి క్వయర్లలోనూ, కాలేజీ ఫంక్షన్లలోనూ ఆడపిల్లలు బేస్ పట్టుకుని నిలబడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. సాయంత్రం ఈదురుగాలి వీచి కరెంటు పోయిందా, పెద్దవాడికి ఏ ఇబ్బందీ లేదు, చీకట్లో కూడా వాయించుకుంటాడు. చిన్నదాని యాంప్లిఫయరు మాత్రం టక్కున ఆగిపోతుంది. తీగ మీటితే దోమ పాడినట్టు సన్నగా వినబడుతుంది, అంతే. "నువ్వు తర్వాత వాయించుకోవే" అంటాడు అన్న.

ఇదేమంత పెద్ద విషయమా అనుకోకండి. బేస్ ఒంటరిగా కూర్చుని వాయించుకునే వాయిద్యం కాదు. పక్కన ఒకరు పాట నడిపిస్తుంటే దానికింద పునాదిలా నడిచేది. జత దొరకని సాధన ఎన్నాళ్ళు సాగుతుంది చెప్పండి? నాలుగు నెలలు చూసి మంచం కిందికి తోసేస్తారు. అలా మంచం కిందికి చేరిన బేస్ గిటార్లు నేనెరిగిన ఇళ్ళలోనే రెండున్నాయి. రెండూ ఆడపిల్లలవే. వేలు పోసి కొన్న వస్తువు సంగతి అలా ఉంచండి, "నాకు రాదులే" అని పిల్ల అనుకోవడం మొదలవుతుంది చూశారూ, అది కష్టం.

అసలు ఎందుకిలా అంటే, చెక్క గిటారుకి వీణకి కుండలాగా బోలు పొట్ట ఉంది. తీగ కదిలితే ఆ పొట్టలోని గాలి కూడా కదిలి మోగుతుంది. ఎలక్ట్రిక్ బేస్ నిండు చెక్క. తీగ కదలికని అయస్కాంతాలు పట్టుకుని యాంప్లిఫయరుకి పంపిస్తేనే మోత. పైగా అది మంద్రం. గిటారు లావు తీగ సెకనుకి 82 సార్లు కంపిస్తే, బేస్ లావు తీగ 41 సార్లే. అంత కిందిస్వరం గట్టిగా వినబడాలంటే చాలా గాలి కదలాలి, మన చెవి కూడా కిందిస్వరాలని తక్కువగానే పట్టుకుంటుంది.

అందుకే పాతకాలంలో అమెరికాలో బేస్ అంటే మనిషికన్నా పొడవైన, నిలబెట్టి వాయించే పెద్ద ఫిడేలు. 1951లో లియో ఫెండర్ అనే ఆయన గిటారులా ఒళ్ళో పెట్టుకునే ఎలక్ట్రిక్ బేస్ తెచ్చాక మోత సులువైంది గానీ, కరెంటుతో ముడిపడిపోయింది. మెక్సికోలో మరియాచీ మేళాల వాళ్ళు ఇప్పటికీ గిటార్రోన్ అనే పెద్ద పొట్ట వాయిద్యంతో కరెంటు లేకుండానే బేస్ వాయిస్తారు. ఒకే స్వరాన్ని కిందిస్థాయిలో ఒక తీగ, పైస్థాయిలో ఒక తీగ, రెండూ కలిపి లాగుతారు. ఒంటి తీగ చాలదని వాళ్ళకి ఎప్పుడో తెలుసు!

ఇది చదివి "అయితే పొట్ట ఉన్న అకూస్టిక్ బేస్ కొనేద్దాం" అని షాపుకి పరిగెత్తకండి. వాటి పొట్ట మామూలు గిటారు కన్నా కాస్తే పెద్దది. షాపులో ఒక్కటే వాయిస్తే బాగానే ఉంటుంది. పక్కన అన్నగారు ప్లాస్టిక్ పలకతో గిటారు బాదడం మొదలుపెడితే మునిగిపోతుంది. కొనాలనే ఉంటే అన్నని కూడా షాపుకి తీసుకెళ్ళి, ఇద్దరిచేతా కలిపి వాయించి చూడండి.

నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది బ్యాటరీతో నడిచే చిన్న బేస్ యాంప్లిఫయరు మీద. ఆరు పెన్సిల్ సెల్లులతో నడిచేవి దొరుకుతాయి. రోలాండ్ వాళ్ళ మైక్రో క్యూబ్ బేస్ అలాంటిదే. మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకునే సెల్లులు రెండు జతలుంటే ఒకటి వాడుతుంటే ఒకటి చార్జి అవుతుంది. ఇక్కడో కిటుకుంది. మోత చాలడంలేదని పిల్లలు 'బేస్' అని రాసున్న మీట తిప్పుతారు, చిన్న స్పీకరు బర్రుమంటుంది. ఆ మీట తగ్గించి, మధ్యస్వరాల మీట పెంచమనండి. శుభ్రంగా, గట్టిగా వినబడుతుంది.

ఇంకా చవకలో కావాలంటే అగ్గిపెట్టెకి అక్కలా ఉండే హెడ్‌ఫోను యాంపులున్నాయి. వాక్స్ వాళ్ళ యాంప్లగ్ రెండు సన్న పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది, గిటారు రంధ్రంలోనే గుచ్చేస్తారు. రాత్రిపూట ఒంటరి సాధనకి అంతకన్నా మంచిది లేదు. జంటగా వాయించేటప్పుడు మాత్రం ఒక చెవే మూసుకోవాలి, రెండోది అన్న గిటారుకి. అయినా అన్నకి చెల్లెలి బేస్ వినబడదు, అదీ దాని లోటు. తీగ లేని బ్లూటూత్ స్పీకరు ఇంట్లో ఉంది కదా అనుకుంటారేమో, పనికిరాదు. మీటిన కాసేపటికి మోగుతుంది, తాళం తప్పిపోతుంది.

సెల్లులు కూడా లేని రోజున? బేస్ తలని చెక్క బీరువాకో, పాతకాలపు టేకు తలుపుకో ఆనించి వాయించమనండి. ఆ చెక్కంతా పొట్టలాగా మోగుతుంది. ఇనప బీరువా వద్దు, తలుపులు గలగలమంటాయి. లేదంటే గిటారు పైకొమ్ముకి గడ్డం ఆనించుకుంటే స్వరం ఎముకల్లోంచి చెవికి చేరుతుంది, వాయించేవాళ్ళకి చక్కగా వినిపిస్తుంది. వేళ్ళకి బదులు పలకతో, బ్రిడ్జి దగ్గరగా మీటితే ఇంకాస్త స్పష్టత వస్తుంది. సన్న తీగల మీద, ఒక స్థాయి పైన వాయించినా సాధన సాధనే. మీటే ప్రతి స్వరాన్నీ నోటితో పాడమనండి. కరెంటున్నప్పుడు యాంపు మోతలో ఎవరూ చెయ్యని సాధన ఇది.

ఇక అన్నగారి వంతు. పలక పక్కన పెట్టి బొటనవేలి కండతో మీటాలి. తీగల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చినా మోత తగ్గుతుంది. కాపో అనే బిళ్ళ నాలుగో మెట్టు మీద బిగిస్తే గిటారు పైస్వరాల్లోకి వెళ్ళిపోతుంది, కిందిచోటు చెల్లెలిది. ఇద్దరూ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చోవాలి. "నా గిటారు నేనెందుకు తగ్గించాలి?" అని వాడు గునుస్తాడు, మీరు వినకండి.

ఇన్వర్టరున్న ఇళ్ళలో చిన్న ప్రాక్టీసు యాంపు సీలింగు ఫ్యానంత కరెంటు కూడా తినదు, నిశ్చింతగా వాడుకోవచ్చు. ఆ ప్లగ్గుకి ఇన్వర్టరు లైను ఉందో లేదో చూసుకోండి. చవకరకం స్క్వేర్‌వేవ్ ఇన్వర్టరు మీద యాంపు జుమ్మంటుంది, సైన్‌వేవ్ అయితే అనదు. జుమ్మంటోందని మూడో పిన్ను మాత్రం ఎవరినీ పీకనివ్వకండి, ప్రాణానికి ఎర్తే కాపు. కరెంటు పోగానే యాంపు స్విచ్చి ఆపించండి. ఉరుముతుంటే ప్లగ్గు తీసెయ్యాల్సిందే. పాత అడాప్టరు ఏదో సరిపోతోందని గుచ్చకండి. వోల్టులూ, ప్లస్సు మైనస్సులూ తేడా వస్తే యాంపు కాలిపోతుంది.

డిసెంబరులో క్రిస్మస్ కేరల్సుకి ఇంటింటికీ తిరిగే జట్లని చూశారా? గిటారు, డోలకు, గలగలలాడే టాంబురీను ఉంటాయి. బేస్ పిల్ల ఉత్త చేతులతో వెనకాల నడుస్తుంది. బ్యాటరీ యాంపుని పట్టాతో భుజానికి తగిలించి పంపండి. ముందే ఇంట్లో వీధి గుమ్మంలో ఒకసారి వాయించి చూస్తే మంచిది, గదిలో నిండుగా మోగేది బయట పలచబడుతుంది. అలాంటప్పుడు జట్టంతా ఆమెని మధ్యలో పెట్టుకుని నిలబడాలి.

అన్నట్టు, కొన్ని బేస్‌ల వెనకాల చదరపు 9 వోల్టుల బ్యాటరీ ఒకటుంటుంది. గిటారుకి వైరు గుచ్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది, వాయించినా వాయించకపోయినా. సాధన అవగానే వైరు పీకేయించండి. యాంపు నెలరోజులు వాడకపోతే సెల్లులు కూడా తీసి డబ్బాలో వెయ్యండి. వానాకాలంలో అవి కారి లోపల రేకులని తినేస్తాయి.