విని రచించడం: వాగ్గేయకార లక్షణం – నొట్టుస్వర సాహిత్యం

1. ఉపోద్ఘాతం:

కీర్తనను సాహిత్యంగా పరిశీలించే వ్యాసాలలో భావం, భాష, ఛందస్సు, అలంకారాలు విస్తృతంగా చర్చకు వస్తాయి. వాగ్గేయకారుడు ఏమి విన్నాడు, విన్నదానిని రచనగా ఎలా మలిచాడు అన్న ప్రశ్న తరచుగా సంగీతజ్ఞులకే మిగిలిపోతుంది. శ్రవణాన్ని పక్కనపెడితే సాహిత్య విశ్లేషణ సైతం అసంపూర్ణమవుతుందని చెప్పడానికి ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) నొట్టుస్వర సాహిత్యం చక్కని ఆధారం.

2. ధాతువు – మాతువు:

13వ శతాబ్దానికి చెందిన సంగీతరత్నాకరంలో శార్ఙ్గదేవుడు పదరచనను మాతువు అనీ, గేయరచనను ధాతువు అనీ వ్యవహరించాడు. ఈ రెంటినీ నిర్మించేవాడు వాగ్గేయకారుడు. నూతన ధాతువును కల్పించగలగడం అతని లక్షణాలలో ఒకటి. ఇతరుల ధాతువుకు మాతువును కూర్చేవాడిని కుట్టికారుడు అన్నాడు. ఈ విభజనను అనుసరిస్తే, ఉత్తమ వాగ్గేయకారుడైన దీక్షితులు నొట్టుస్వరాలలో చేసినది కుట్టికారుని పనే. మరి అందులో సృజన ఎక్కడ ఉంది?

3. విన్న బాణీ – కూర్చిన మాట:

దీక్షితుల కుటుంబం కొంతకాలం మద్రాసు సమీపంలోని మణలిలో నివసించింది. ఆ రోజులలో సెయింట్ జార్జి కోటలోని ఆంగ్లేయుల బ్యాండు సంగీతాన్ని ఆయన విన్నారని సంప్రదాయం చెబుతుంది. ఆ బాణీలకు ఆయన సంస్కృతంలో దేవతాస్తుతులను కూర్చారు. బ్రిటిష్ రాజును కీర్తించే జాతీయగీతపు బాణీ 'సంతతం పాహిమాం'లో సంగీతశ్యామల స్తుతిగా మారింది.

ఛందోదృష్టితో చూస్తే 'సంతతం', 'పాహిమాం' రెండూ ర గణాలే. గురువు, లఘువు, గురువు. బాణీలో మాత్రం అవి సమానం కావు. మూడేసి లెక్కల నడక గల ఆ బాణీలో మొదటి మూడు స్వరాలకు ఒక్కొక్క లెక్క చొప్పున వ్యవధి ఉంది. తరువాతి మూడింటి వ్యవధి వరుసగా ఒకటిన్నర, అర, ఒకటి. 'పా' సాగి, 'హి' కురుచై, 'మాం' నిలిచే తీరు ఈ రెండవ నడకకు సహజంగా ఒదుగుతుంది. 'సంతతం'లోని లఘువు మాత్రం గురువులతో సమానమైన వ్యవధిని పొందుతుంది. కాగితం మీద ఒకటిగా కనిపించే గణాలు చెవికి రెండుగా వినిపిస్తాయి.

4. ఒకే మేళం – రెండు శ్రవణాలు:

నొట్టుస్వరాలు ప్రధానంగా శంకరాభరణ స్వరస్థానాలలో, గమకరహితంగా నడుస్తాయి. దీక్షితులే శంకరాభరణంలో 'అక్షయలింగవిభో' కృతిని కూర్చారు. అక్కడ విలంబ గమనంలో, గమకాల ఊగిసలాటలో రాగం విస్తరిస్తుంది. పదాల దీర్ఘాచ్చులు ఆ విస్తరణకు చోటిస్తాయి. రెండూ సంస్కృత స్తుతులే, స్వరస్థానాలూ అవే. విన్న సంగీతం వేరు కావడంతో మాట నడక మారింది. పరాయి బాణీకి బలవంతంగా గమకాలను అద్దకపోవడం, దాని స్వభావాన్ని గుర్తించి అందుకు తగిన అక్షరాలను ఎంచడం ఇక్కడి సృజన.

5. ముగింపు:

కుట్టికార పద్ధతి నేటికీ సజీవంగా ఉంది. ముందుగా కట్టిన బాణీకి పాట రాయడం తెలుగు చలనచిత్ర రంగంలో సాధారణమే. అటువంటి పాటలను కేవలం ముద్రితపాఠంగా చదివి గణదోషాలనూ పునరుక్తులనూ ఎత్తిచూపడం కవికి న్యాయం చేయదు. పదం అక్కడ ఎందుకు నిలిచింది, ఎందుకు సాగింది అన్నదానికి సమాధానం చాలాసార్లు ధాతువులోనే దొరుకుతుంది. గేయసాహిత్య పరిశోధకునికి పఠనం ఎంత అవసరమో శ్రవణమూ అంతే అవసరం.