సంపర్కము – ప్రభావము: నాగార్జునకొండ సాక్ష్యము

పాశ్చాత్య నాగరికతా చరిత్రను చదువువారికి సంపర్కము, ప్రభావము అను రెండు మాటలు తఱచుగా ఎదురగును. మొదటిది రుజువైనంత మాత్రమున రెండవది రుజువు కాదు. పల్నాటిలోని నాగార్జునకొండ ఇందుకు మంచి ఉదాహరణము.

క్రీ.శ. 3, 4 శతాబ్దములలో ఇచట ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి ఉండెడిది. ఈ లోయ నాగార్జునసాగర జలాశయమున మునుగుటకు ముందు, 1954 నుండి 1960 వఱకు విరివిగా త్రవ్వకములు జరిగినవి. ఈ స్థలమున రోమను బంగారు నాణెములు దొరకినవి. అవి సంపర్కమునకు సాక్ష్యము. అయితే రోమను వర్తకుడు స్వయముగా కృష్ణాతీరమునకు వచ్చెనని అవి చెప్పవు. నాణెము చేతులు మారుచు రాగలదు. ముద్రించిన చాలకాలమునకు గాని మట్టిలో చేరకపోవచ్చును. కనుక నాణెముపైనున్న చక్రవర్తి కాలము ఆ పొరకు తొలి హద్దే గాని తుది హద్దు కాదు.

ఇక నాలుగు వైపుల మెట్ల వరుసలు గల రంగస్థలమొకటి బయటపడినది. ఇది రోమను ప్రభావమేనని కొందఱనిరి. కాని రోములోని కొలోసియము అండాకృతిలో నున్నది, ఇదియో దీర్ఘచతురస్రము. పైగా కృష్ణ ఒడ్డున చక్కని స్నానఘట్టము కట్టిన పనివారికి మెట్ల వరుసలు క్రొత్తవి కావు. ప్రభావమని చెప్పుటకు కొలతలలోనో, కట్టుబడి పద్ధతిలోనో, శాసనములోనో మఱొక ఆధారము కావలెను. ఆ రంగస్థలమును మాచర్ల ప్రాంతమున అనుపులో మరల నిర్మించినారు. పాఠకులు ఆ మెట్లపై కూర్చుండి తామే పరిశీలింపవచ్చును.