కిటికీలో బూచు ఆఫ్రికా వయొలెట్టు

పెరడు లేని యిండ్లలో గాపురముండు సోదరీమణులకు పూలమొక్కలపై మక్కువ లేకపోలేదు, చోటు లేదు. మల్లెకును బంతికిని ఎండ వలయును. జానెడు కిటికీ మాత్రమే గల గృహిణికి ఆఫ్రికా వయొలెట్టు తగిన నేస్తము. పేరు వయొలెట్టే గాని, యిది ఆ జాతికి జెందినది కాదు. పూవుల పోలికను బట్టి వచ్చిన పేరది.

దీని పుట్టినిల్లు టాంజానియా, కెన్యా దేశముల కొండయడవులు. అందు ముఖ్యముగా ఉసంబరా పర్వతములు. చెట్లనీడను, తేమగల రాతిసందులలో మొలచును. అచ్చట అధికారిగా నుండిన సెయింట్ పాల్ ఇల్లైర్ అను జర్మను ప్రభువు దీనిని స్వదేశమునకు బంపగా, వెండ్‌లాండ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1893లో ఆ వంశము పేర సెయింట్‌పౌలియా యని నామకరణము చేసెను. నేడా యడవులు తరుగుచున్నవి. కూతురు అత్తవారింట వేయి రంగుల జీరలతో వర్ధిల్లుచుండ, పుట్టినిల్లు పాడువడినట్లున్నది దీని కథ.

పుట్టినచోటు తెలిసినచో పోషణ దానంతట దెలియును. వెలుతురు కావలెను, మిట్టమధ్యాహ్నపుటెండ తాకరాదు. తూర్పు కిటికీ మేలు. కాడలు సాగి ఆకులు పైకి లేచినచో వెలుతురు చాలలేదని యెరుగవలెను.

ఇక నీరు. ఈ మొక్కలు మన యశ్రద్ధచేత గంటె ప్రేమచేతనే యెక్కువగా జచ్చుచున్నవి. తులసికి వలె ప్రతి యుదయమును చెంబెడు నీరు పోసినచో వేళ్లు కుళ్లును. కుళ్లిన వేళ్లు నీరు పీల్చజాలవు గనుక ఆకులు వాడును. వాడినవని మరల బోయుదురు! పైమన్ను వ్రేలికి బొడిగా దగిలినప్పుడే పళ్లెములో నీరుంచి, కుండిని అందు నిలిపినచో అడుగు రంధ్రములగుండ బీల్చుకొనును. అరగంట తరువాత మిగిలినది పారబోయవలెను. నూగాకులపై జన్నీరు పడిన మచ్చలు మాసిపోవు. గదిలో నిలువయుంచిన నీరే వాడదగును. బంకమన్ను పనికిరాదు, కొబ్బరిపీచు పొట్టు కలిపిన గుల్లమన్ను మంచిది. కుండి చిన్నదే చాలును; ఆకుల వెడల్పులో మూడవవంతు.

18 మొదలు 24 డిగ్రీల సెంటిగ్రేడు వేడి దీనికి హితము. కావున బెంగుళూరులో సుఖించినట్లు బెజవాడలో సుఖింపదు. మొక్కను కార్తికమున గొనుడు, వైశాఖమున వలదు. వేసవిలో బూవుల నాశింపక, ఎరువు మాని, యింటిలో నెల్ల జల్లనిగదిలో నుంచి ప్రాణము నిలుపుటయే పని.

ఎండలు ముదరకమున్నే నడివరుస యాకు నొకదానిని అంగుళము కాడతో గోసి, తడిమన్నులో గ్రుచ్చి, గాజుగ్లాసు బోర్లించి నీడనుంచుడు. మూడు నాలుగు వారములకు వేళ్లుపట్టును. మరి కొన్ని నెలలకు కాడమొదట బిల్లమొక్కలు లేచును. ఒక యాకునకు బెక్కు పిల్లలు పుట్టుట కలదు. అందొకటి తప్పక పొరుగమ్మకిండు. జ్యేష్ఠమున మీ మొక్క పోయినను, శ్రావణమున నామె యింటినుండి యాకు దెచ్చుకొనవచ్చును.